ఎముక అతికింది, నొప్పి ఆగలేదు

మా మేనత్త దగ్గర చీరల దుకాణం వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ కవరు ఒకటి ఉంది. నాలుగేళ్ల ఎక్స్‌రేలు, ఒక ఎంఆర్‌ఐ, రక్తపరీక్షల కాగితాలు, మందుల చీటీలు అన్నీ అందులోనే ఉంటాయి. హనుమకొండలో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా నోరు విప్పే ముందే ఆ కవరు తీసి బల్ల మీద పెడుతుంది. డాక్టర్ ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చూసి, "ఎముక చక్కగా అతుక్కుందమ్మా, ఏమీ లేదు" అంటాడు. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని ఆమె నన్ను ప్రతిసారీ ఒకటే అడుగుతుంది.

"ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎక్కడిది బిడ్డా? నేనేమైనా అబద్ధం చెబుతున్నానా?"

ఆమె చెప్పేది నిజం. డాక్టర్ చెప్పిందీ నిజమే. ఈ రెండు నిజాలూ ఒకే ఒంట్లో ఎలా ఇముడుతాయో అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. చదివి, తెలిసినవాళ్లను అడిగి, ఆమెను దగ్గర నుంచి చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్పాలి. మిరపకాయలు ఏరడానికి కూలికి వెళ్లి, చీకటి పడే వేళ తిరిగి వస్తుండగా పరకాల దారిలో ఆటో బోల్తా పడింది. మా అత్తమ్మ ఎడమ భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది. ఆమె పక్కన కూర్చున్న ఆమె అక్కడికక్కడే చనిపోయింది. ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు, పెళ్లయి వచ్చిన నాటి నుంచి స్నేహం. ఎముక రెండున్నర నెలల్లో అతికింది. నొప్పి మాత్రం భుజం నుంచి మెడకు ఎక్కి, మెడ నుంచి తలకు పాకి, కింద వేళ్ల దాకా దిగింది. నాలుగేళ్లుగా ఉంది. వైద్యుల లెక్కలో మూడు నెలలు దాటిన నొప్పి దీర్ఘకాలిక నొప్పి.

నొప్పి గురించి మన అందరి మనసుల్లో ఒకే బొమ్మ ఉంటుంది. కాలిలో ముల్లు దిగుతుంది, తీగలో కరెంటు పోయినట్టు నరం గుండా కబురు మెదడుకు చేరుతుంది, నొప్పి పుడుతుంది. ముల్లు తీస్తే నొప్పి పోవాలి. పోకపోతే ముల్లు ఇంకా ఉన్నట్టు, లేదా మనిషి నటిస్తున్నట్టు. వైద్యం కూడా చాలాకాలం ఈ బొమ్మనే నమ్మింది. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని కదిలించారు. వెన్నుపాములో ఒక తలుపు లాంటి ఏర్పాటు ఉందని, కింది నుంచి వచ్చే కబురును అది ఒకప్పుడు ఎక్కువగా, ఒకప్పుడు తక్కువగా పైకి వదులుతుందని, ఆ తలుపును తెరవమనీ మూయమనీ పై నుంచి మెదడు కూడా ఆజ్ఞలు పంపుతుందని వాళ్లు ప్రతిపాదించారు. వివరాలు తర్వాత చాలా మారాయి. ఆజ్ఞలు రెండు వైపులా నడుస్తాయన్న మూల విషయం మాత్రం నిలబడింది.

దానికి ఇరవై ఏళ్ల ముందే యుద్ధరంగంలో ఒక వైద్యుడు దీన్ని కళ్లారా చూశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ తీరాన గాయపడిన సైనికులకు చికిత్స చేసిన అమెరికన్ మత్తువైద్యుడు హెన్రీ బీచర్, తీవ్ర గాయాలతో ఉన్నవాళ్లను నొప్పి మందు కావాలా అని అడిగితే ఎక్కువమంది వద్దన్నారు. ఆ గాయం వాళ్లకు చావు తప్పిందన్న కబురు, ఇంటికి దారి. బీచర్ 1946లో ఈ సంగతి రాశాడు. గాయం ఎంత పెద్దదన్న దానితో పాటు, ఆ గాయం మనిషికి ఏమి చెబుతోందన్నది కూడా నొప్పిని నిర్ణయిస్తుంది. మా అత్తమ్మ గాయం చిన్నదే. అది చెప్పే కబురే భయంకరమైనది.

నొప్పిపై పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరించింది. దాని ప్రకారం నొప్పి శరీరానికి, భావోద్వేగానికి రెండింటికీ చెందిన అనుభవం. కణజాలం దెబ్బతిన్నప్పుడు కలగవచ్చు, దెబ్బతిన్నప్పుడు కలిగే అనుభవాన్ని పోలి కూడా ఉండవచ్చు. నిర్వచనంతో పాటు ఇచ్చిన వివరణల్లో మరో మాట ఉంది: నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలి. ఈ ఒక్క వాక్యం మన ఆసుపత్రుల గోడల మీద రాసి పెట్టాలని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు రెండో వైపు, ట్రామా. ప్రాణం పోయేంత ప్రమాదం, హింస, కళ్ల ముందు చావు, లైంగిక దాడి, వరద, ఇవి మనసు మీద వేసే గాయాన్ని ఈ మాటతో పిలుస్తున్నాం. ఆ లక్షణాలు నెల దాటినా తగ్గక జీవితాన్ని అడ్డుకుంటుంటే దాన్ని పీటీఎస్‌డీ అంటారు. అమెరికా మనోవైద్యుల గ్రంథంలో ఈ పేరు చేరింది 1980లో. లక్షణాలు నాలుగు తీరులుగా కనిపిస్తాయి. జరిగినది కలలోనో మెలకువలోనో మళ్లీ మళ్లీ రావడం, గుర్తుచేసే చోటునూ మాటనూ తప్పించుకు తిరగడం, దేని మీదా ఇష్టం లేకపోవడమో తనదే తప్పని అనుకోవడమో, చిన్న చప్పుడుకు కూడా ఉలిక్కిపడేంత అప్రమత్తత. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం నూటికి 70 మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇటువంటి ఘటనను ఎదుర్కొంటారు, వారిలో 5.6 శాతం మందికే పీటీఎస్‌డీ వస్తుంది. అంటే చాలామంది తమంతట తామే కోలుకుంటారు. ఇది ధైర్యమిచ్చే సంగతి. కోలుకోలేని వాళ్లను పిరికివాళ్లుగా చూడటానికి మాత్రం దీన్ని వాడకూడదు.

ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి? మంచె మీద కావలివాణ్ణి ఊహించుకోండి. ఒక రాత్రి అడవి పందులు పడి చేను మొత్తం తొక్కేశాయి. ఆ తర్వాత అతనికి ఆకు కదిలినా పందే. రాత్రంతా డబ్బా మోగిస్తూనే ఉంటాడు. మెదడులో బాదం గింజంత అమిగ్డాలా అనే భాగం చేసే పని ఇటువంటిదే. అపాయాన్ని పసిగట్టి ఒళ్లంతటికీ కబురు పెడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఒత్తిడి హార్మోన్లు విడుదలవుతాయి. ఆపద గడిచాక ఇదంతా సద్దుమణగాలి. పీటీఎస్‌డీలో అది సరిగా సద్దుమణగదు. నొప్పి కూడా అపాయ సూచనే కాబట్టి, ఆ కబురు కూడా ఇదే కావలివాడి చేతుల మీదుగా పోతుంది. భయాన్ని తూచే భాగాలూ నొప్పి ఎంత బాధించాలో తూచే భాగాలూ మెదడులో చాలావరకు ఒకే ఇరుగుపొరుగు. ఒకదానికి పెట్టిన అలారం రెండోదానికీ మోగుతుంది.

ఇంకొంచెం లోపలికి వెళ్లాలి. దీనికి మిరప కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. రోజంతా కాయలు ఏరి వచ్చినవాళ్లు సాయంత్రం గోరువెచ్చని నీళ్లలో చేతులు పెడితే మరిగే నీళ్లలో పెట్టినట్టు మండుతుంది. నీళ్లు మరగడం లేదు. మిరపలోని కాప్సైసిన్, వేడిని గుర్తించే నరాల తలుపును తెరిచి పెట్టింది, అంతే. ఆ తలుపును 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. పరిశోధకులు ఈ కాప్సైసిన్‌నే చర్మం కింద కొద్దిగా ఎక్కించి చూశారు. మందు ఎక్కించిన చోటే కాదు, దాని చుట్టూ ఏమీ తగలని చర్మం కూడా దూది రాస్తే నొప్పి పెట్టసాగింది. అక్కడ చర్మానికి ఏమీ కాలేదు. మారింది వెన్నుపాములోని నాడీకణాలు. వరసగా వచ్చిన కబుర్లకు అవి రెచ్చిపోయి, మామూలు స్పర్శను కూడా నొప్పిగా పైకి పంపుతున్నాయి. ఈ స్థితికి సెంట్రల్ సెన్సిటైజేషన్ అని పేరు, దీన్ని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ప్రయోగాలతో చూపించాడు. భుజం ఎముక విరిగితే వేళ్లకు నొప్పి ఎందుకు పాకుతుంది, ఎక్స్‌రే ఎందుకు తెల్లముఖం వేస్తుంది అన్న ప్రశ్నలకు ఇదొక జవాబు. ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, రెచ్చిపోయిన నాడులను చూపించలేదు.

మామూలుగా ఇలా రెచ్చిన నాడులను మెదడు పై నుంచి శాంతపరుస్తుంది. నిద్ర సరిగా లేకపోతే ఆ శక్తి తగ్గుతుంది. పీటీఎస్‌డీ మొదట దోచుకునేది నిద్రనే. అర్ధరాత్రి పీడకలతో లేచిన మనిషికి పొద్దున మెడ నొప్పి ఎక్కువ, మెడ నొప్పితో దొర్లిన మనిషికి రాత్రి పీడకలలు ఎక్కువ. నిద్రను బాగుచేయడం పక్కన పెట్టి వట్టి నొప్పి మాత్రలు రాయడం, గండి పడిన చెరువులో నీళ్లు తోడి పోయడమే.

ఈ చుట్టుతిరుగుడును 2001లో టిమోతీ షార్ప్, అలిసన్ హార్వే ఒక సిద్ధాంతంగా రాశారు. నొప్పి, ట్రామా లక్షణాలు ఒకదాన్నొకటి బతికిస్తాయన్నది దాని సారం. చదివినప్పుడు మా ఇంటి సంగతి ఎవరో చూసి రాసినట్టు అనిపించింది. భుజం నొప్పి పుట్టగానే ప్రమాదం గుర్తొస్తుంది. గుర్తు రాగానే ఒళ్లు బిగుస్తుంది, బిగుసుకున్న మెడ ఇంకా నొస్తుంది. ఆటో ఎక్కదు కాబట్టి ఎక్కడికీ పోదు. కదలని భుజం పట్టేస్తుంది. పట్టేసిన భుజాన్ని కదిపితే వచ్చే నొప్పి, ఇంకా ఏదో విరిగి ఉందన్న భయాన్ని పెంచుతుంది. మాఘ ఫాల్గుణాల్లో ఊళ్లో కల్లాల మీద మిరప ఆరబోస్తారు, ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు వెళ్లే లారీలు ఇంటి ముందు నుంచే పోతాయి. ఆ ఘాటు గాలిలో లేచిన రోజుల్లో ఆమె తలుపు వేసుకుని పడుకుంటుంది. నాలుగేళ్లుగా మేమంతా అది వాతావరణం మార్పు వల్ల అనుకున్నాం.

ఈ సంబంధం మెడ, నడుము నొప్పులకే పరిమితం కాదు. ఒళ్లంతా నొప్పులతో వచ్చే ఫైబ్రోమయాల్జియా, మైగ్రేన్, దవడ కీలు నొప్పి, పొత్తికడుపు నొప్పి, పేగులు కలత చెందే ఐబీఎస్, వీటన్నిటిలో ట్రామా చరిత్ర ఉన్నవాళ్లు ఎక్కువగా కనిపిస్తారని పరిశోధనలు చెబుతున్నాయి. చిన్నతనంలో అనుభవించిన హింస, నిర్లక్ష్యం పెద్దయ్యాక వచ్చే జబ్బులతో ముడిపడి ఉన్నాయని 1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా ప్రచురించిన అధ్యయనం చూపించింది. తర్వాతి పరిశోధనలు ఆ జాబితాలో దీర్ఘకాలిక నొప్పులను కూడా చేర్చాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ట్రామా ఉన్న ప్రతి ఒక్కరికీ నొప్పి రాదు. నొప్పి ఉన్న ప్రతి ఒక్కరి వెనకా ట్రామా ఉండదు. గుంపు మీద తేలిన సంబంధాన్ని ఒక మనిషి మీద తీర్పుగా వేయకూడదు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, విశ్రాంతిలో కూడా రాత్రంతా వదలని నొప్పి, కాలు చేయి బలహీనపడటం, మూత్రం మీద పట్టు తప్పడం, పొద్దున్నే కీళ్లు వాచి బిగుసుకుపోవడం, వీటిలో ఏది ఉన్నా ముందు శరీరాన్ని క్షుణ్ణంగా పరీక్షించాల్సిందే. థైరాయిడ్, బి12, డి విటమిన్, కీళ్లవాతం వంటివి కూడా చూడాలి. మనసు వల్లేనని తొందరపడి తేల్చేయడం, ఏమీ లేదని పంపేయడం కంటే తక్కువ అన్యాయమేమీ కాదు. రెండింటిలోనూ మనిషి మాట వినబడకుండా పోతుంది.

మన దగ్గర ఆ మాట వినబడకపోవడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. ఒంటి నొప్పి గురించి చెప్పుకోవచ్చు, మనసు నొప్పి గురించి చెప్పుకోకూడదు. మోకాలు నొస్తోందంటే ఇరుగుపొరుగు నూనె తెచ్చిస్తారు. రాత్రి ఆ చావు కళ్ల ముందు ఆడుతోందంటే తాయెత్తు కట్టిస్తారు, లేదా ఇంకా అదేనా అంటారు. అందుకే మనసు చెప్పలేనిది ఒళ్లు చెబుతుంది. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని, గ్లూకోజు ఎక్కించుకుని రెండు రోజులు తేలికపడటం ఊరూరా చూస్తాం. వాళ్లను తిట్టి ప్రయోజనం లేదు, అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్లే. కానీ నెలల తరబడి నొప్పి మాత్రలు మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు ముప్పు. ఈ రకం నొప్పిలో ఆ మాత్రలు చేసే మేలు కూడా అంతంత మాత్రం.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రోజే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తింది, జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు నిలుపుకున్నారు. వరద నష్టం రాసుకునే కాగితంలో పంట, పశువు, ఇల్లు ఉంటాయి. వాన చప్పుడుకు మెలకువ వచ్చి తెల్లవార్లూ నడుము పట్టుకు కూర్చోవడం ఏ గడిలో రాయాలి? 1997-98లో పత్తి పోయి వరంగల్ జిల్లా రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్త అయినప్పుడు, వెనక మిగిలిన ఆడవాళ్ల తలనొప్పుల సంగతి ఎవరు అడిగారు? సింగరేణి గనుల్లో ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లు, గల్ఫ్‌లో పాస్‌పోర్టు పోగొట్టుకుని నానా బాధలు పడి తిరిగొచ్చిన జగిత్యాల, నిజామాబాద్ పిల్లలు, వీళ్ల నడుము నొప్పులకు ఎక్స్‌రే తీస్తున్నాం. ఏమి జరిగిందని అడగడం మాత్రం మరిచిపోతున్నాం.

తెలంగాణలో మనాది అనే మాట ఉంది, మనోవ్యాధి నుంచి వచ్చింది. మనాదితో చిక్కిపోయింది అంటే ఒంటికీ మనసుకూ కలిపి వచ్చిన బాధ అని అందరికీ అర్థమవుతుంది. మా అవ్వకు తెలిసిన ఈ సంగతిని మన ఓపీ గదులు రెండు అంతస్తుల్లోకి విడదీశాయి. అదే భాషలో మనోవ్యాధికి మందు లేదన్న సామెత కూడా ఉంది. ఆ సామెతతో మాత్రం నాకు తగాదా ఉంది. మందు ఉంది.

మా అత్తమ్మ విషయంలో దారి చూపింది ఒక ఫిజియోథెరపీ అమ్మాయి. చేయి పైకి ఎత్తిస్తుంటే, నొప్పి పుట్టకముందే అత్తమ్మ ఊపిరి బిగబడుతోందని ఆమె గమనించింది. చేయి వదిలేసి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఆ రోజు ఆటోలో మీ ఎడమ పక్కన ఎవరున్నారు పెద్దమ్మా?" అని అడిగింది. నాలుగేళ్లలో ఏ డాక్టరూ, మేమూ అడగని ప్రశ్న అది. అత్తమ్మ చాలాసేపు గోడ వైపు చూసింది. "అలిసిపోయి నా భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది. నేను లేపలేదు" అంది. నొప్పి ఆ భుజంలో ఉండటానికి ఇదే కారణమని నేను అనను, విరిగింది కూడా అక్కడే కదా. కానీ లేపి ఉంటే బతికేదన్న మాటను ఆమె నాలుగేళ్లు ఎవరికీ చెప్పకుండా అదే భుజం మీద మోసింది.

చికిత్స రెండింటికీ కలిపి జరగాలి. మొదటి మెట్టు, నొప్పి నిజమేనని, అయితే అది ప్రతిసారీ కొత్త దెబ్బకు గుర్తు కాదని అర్థమయ్యేలా చెప్పడం. తర్వాత కొద్దికొద్దిగా కదలిక పెంచడం. ట్రామా కోసం, భయపెట్టే జ్ఞాపకాన్నీ చోట్లనూ నిపుణుల తోడుతో మెల్లగా ఎదుర్కొనే మాటల చికిత్సలు ఉన్నాయి, కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని నెమ్మదింపజేసే ఈఎండీఆర్ ఉంది. డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వంటివి డిప్రెషన్ మందులుగా వచ్చినా, మెదడు నుంచి వెన్నుపాముకు దిగే నొప్పిని అణచే ఆజ్ఞలను బలపరుస్తాయి. చీటీలో వాటి పేరు చూసి పిచ్చి మందులని పారేసే వాళ్లున్నారు, డాక్టర్ ముందే విడమరచి చెబితే అలా జరగదు. 2021లో అమెరికాలో 151 మంది దీర్ఘకాలిక నడుము నొప్పి రోగులపై ఒక పరీక్ష జరిగింది. నొప్పిని అపాయంగా చూడటం మాన్పించే మాటల చికిత్స నాలుగు వారాలు తీసుకున్నవాళ్లలో 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది. మామూలు వైద్యంలో ఉన్నవాళ్లలో అది 10 శాతమే. అందులో చేరినవాళ్ల నొప్పి మరీ తీవ్రమైనది కాదు, ఎక్కువమంది చదువుకున్నవాళ్లు. ఆ లెక్కను మన కూలి తల్లులకు ఉన్నదున్నట్టు అంటించలేం. నేర్చుకున్న నొప్పిని మెదడు మరిచిపోగలదని మాత్రం అది చూపించింది.

చేయకూడనివి కూడా ఉన్నాయి. ప్రమాదం జరిగిన మర్నాడే కూర్చోబెట్టి అంతా చెప్పమని బలవంతపెట్టడం మేలు చేయదు, కొందరికి కీడు చేస్తుంది. తోడుగా ఉండటం, తిండి, నిద్ర, తనవాళ్ల దగ్గర ఉండటం అప్పటికి చాలు. మొదటి నెలలో భయానికనీ నిద్రకనీ మత్తు మాత్రలు, అంటే డయాజిపామ్ కుటుంబానివి ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది.

ఎక్కడికి వెళ్లాలంటే, వరంగల్ ఎంజీఎంలో మనోవైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు కవరుతో పాటు ఒక కాగితం పట్టుకెళ్లండి. నొప్పి మొదలైన రోజుల్లో ఇంట్లో ఏమి జరిగింది, ఏ వాసనకు, ఏ చప్పుడుకు, ఏ దారిలో ఎక్కువవుతుంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఇవి రాసుకుంటే చాలు. అడగని డాక్టర్‌కు కూడా ఆ కాగితం కనిపిస్తుంది.

అత్తమ్మకు నొప్పి ఇంకా ఉంది. వేళ్లలో తిమ్మిరి తగ్గింది, వారంలో నాలుగైదు రాత్రులు నిద్రపోతోంది. ఎదురింటికి వెళ్లి, చనిపోయిన ఆమె కూతురితో కూర్చుని మొదటిసారి ఆ సాయంత్రం గురించి మాట్లాడింది, ఇద్దరూ ఏడ్చారు. పోయిన శనివారం అంగడికి ఆటోలో బయల్దేరింది. డ్రైవర్ వెనక సీటులో, కుడి అంచున కూర్చుంది. ఎడమ పక్కన ఆ అమ్మాయిని కూర్చోబెట్టుకుని చేయి పట్టుకుంది. ఊరు దాటాక మూల మలుపు దగ్గర ఆటో ఆపించి దిగి, మిగిలిన దూరం ఇద్దరూ నడిచారు. వచ్చే శనివారం మలుపు దాటాక దిగుతుందట.